ఆమె మాట్లాడని నాలుగు నిమిషాలు

పోయిన మాఘమాసంలో, శుక్రవారం, మా ఊరి అంగడి రోజు, పగలు పన్నెండు కావడానికి ఏడు నిమిషాలు. కిటికీలకు నల్ల పట్టాలు కట్టి గదిని చీకటి చేసినా, తెర వెలుగులో బడి గోడ గడియారం కనిపిస్తూనే ఉంది. అందుకే టైం కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. నలభై ఏళ్ళకు పైగా నేను గొప్పగా చెప్పుకు తిరిగిన పని ఎంత పాడుపనో ఆ టైంకి నాకు తెలిసింది. ఆ దెబ్బ నుంచి నేనింకా తేరుకోలేదు. తేరుకున్నాక రాద్దామంటే నా వయసు ఆగేట్టు లేదు.

మాది గోదావరికి ఇవతల, బడి చదువంతా హిందీలో సాగే అడవి వైపు. నేను యాభై ఎనిమిదో ఏట సాక్షరతా క్లాసులో హిందీ అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. తెలుగు అక్షరాలు ఆ తర్వాత, భద్రాచలం వైపు నుంచి వచ్చిన మా కోడలి దగ్గర. కాబట్టి సొగసుగా రాయడం నాకు రాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివే పిల్లలు విసుక్కోకండి.

ముందు నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. అలాంటి ఉద్యోగం ఒకటి ఉండేదంటే మీరు నమ్మరు. నేను డేరా టాకీసులో కథ చెప్పేవాణ్ణి.

ఆ రోజుల్లో గోదావరి అవతల నుంచి ఒక టూరింగ్ టాకీసు ఎండాకాలం పొడుగునా మా వైపు తిరిగేది. మరైగూడ, గొల్లపల్లి, ఇంకా లోపలి ఊళ్ళు. అన్నీ తెలుగు సినిమాలే. డేరాలో కూర్చునేవాళ్ళలో తెలుగు ఇంట్లో మాట్లాడేవాళ్ళు సగం కూడా ఉండరు. ఎక్కువమంది డోర్లీ మాట్లాడే ఆదివాసులు, కొందరు గోండీ వాళ్ళు. అంగట్లో బేరమాడే తెలుగు వాళ్ళకు వస్తుంది గానీ, సినిమావాళ్ళ తెలుగు చాలావరకు అందదు. నేను మొదట డేరా తాళ్ళు లాగే కూలీగా చేరాను. పక్కనున్న ముసలాయన అడిగితే, బొమ్మలో వాళ్ళేమంటున్నారో డోర్లీలో గుసగుసగా చెప్పాను. పది తలకాయలు నా వైపు తిరిగాయి. మర్నాటికి ఇరవై. మూడో రోజు ఓనర్ నన్ను పిలిచి రేకు బాకా ఒకటి చేతికిచ్చాడు.

"ఇంక తాళ్ళు వేరేవాడు లాగుతడు. నువ్వు నోరు లాగు," అన్నాడు.

అప్పటి నుంచి నన్ను ఊళ్ళన్నీ బాకాయన అనే పిలిచాయి. తెర పక్కన, ఆడవాళ్ళు కూర్చునే వైపు, బోర్లించిన డబ్బా మీద నిలబడేవాణ్ణి. చెవి సినిమా వైపు, ముఖం జనం వైపు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా బతుకంతా ఇందులోనే ఉంది. జనం ముఖాలు చూస్తూ చెప్పాలి. ఎవరికి అర్థమైంది, ఎవరికి కాలేదు, ఎక్కడ నవ్వుతున్నారు, ఎక్కడ ముక్కు చీదుతున్నారు. అది చూసుకుని మాట పెంచాలి, తగ్గించాలి. తెర నా వీపు వెనక ఉండేది. పన్నెండేళ్ళు సినిమాలో పనిచేసి నేను సరిగ్గా చూసిన సినిమా ఒక్కటి లేదు. విన్నాను, అంతే.

మా ఆపరేటర్ మాత్రం ప్రతి ఆటా చూసేవాడు. చిన్న మనిషి, నోరు పెద్దది. నన్ను ఆటపట్టించడమే అతనికి తిండి.

"నువ్వు చెప్పే కథ బాగుంటదయ్యా. నేను తిప్పే సినిమాకీ దానికీ చుట్టరికం లేదు గని," అనేవాడు.

ఇక ఆ సినిమా. పేరు రాయను. ఆ హీరోయిన్ పేరూ రాయను, ఆమెకు నా వల్ల జరిగిన మర్యాద చాలు. కథ చిన్నది. ఒక పల్లెలో గడ్డివాములు తగలబడతాయి. ఒకామె మీద అనుమానం. అత్తింటివాళ్ళు, ఊరివాళ్ళు కలిసి ఆమెను పెద్దల ముందు నిలబెడతారు. నిప్పు నువ్వే పెట్టావా అని అడుగుతారు. ఆమె జవాబు చెప్పదు. నాలుగు నిమిషాలు అలాగే నిలబడుతుంది. తర్వాత జనంలోంచి దారి చేసుకుని ఊరు దాటి వెళ్ళిపోతుంది. సినిమా అయిపోతుంది. పెట్టిందో లేదో ఎవరూ చెప్పరు.

అవతలి ఊళ్ళలో ఆ సినిమాకు కొట్లాటలు అయ్యాయని ఓనరే చెప్పాడు. కొందరు గొప్పదన్నారట, కొందరు కుర్చీలు విరగ్గొట్టారట. ఎక్కడా ఆడకపోతేనే చవకగా మా అడవికి తెచ్చాడు.

గొల్లపల్లి దగ్గర మొదటి రోజు మొదటి ఆట. ఇప్పపూల కాలం. పూలు ఏరి ఏరి నడుములు పట్టేసిన ఆడవాళ్ళు డేరా నిండా ఉన్నారు. ఆ ఘట్టం వచ్చింది. నా వెనక చప్పుడు ఆగిపోయింది. సంగీతం కూడా లేదు. జనరేటర్ మోత ఒక్కటే.

"ఏమంటున్నది?" అని ముందు వరసలో ఒకామె అడిగింది.

"ఏమనట్లే," అన్నాను.

"ఏమంటున్నదయ్యా?"

"అనట్లేదమ్మా, నిలబడ్డది."

మగవాళ్ళ వైపు నుంచి ఒకడు లేచాడు. "బాకాయనా, తాగొచ్చినవా? పని చెయ్." మట్టిపెళ్ళ ఒకటి నా చెవి పక్కగా వెళ్ళి తెరకు తగిలింది. తర్వాత చాలా తగిలాయి. తెర ఒక మూల చిరిగింది.

ఓనర్ నన్ను టికెట్లమ్మే రేకు గది వెనక్కి లాక్కెళ్ళాడు. "నీ నోరు దేనికి పెట్టుకున్న? ఆమె చెప్పకపోతే నువ్వు చెప్పు. జవాబు లేకుంట జనాన్ని ఇంటికి పంపిస్తవేంది?"

"ఏం చెప్పమంటవ్ సేట్?"

"ఏదో ఒకటి చెప్పు. కథ తెగాలె."

రాత్రి పడుకోకుండా ఆలోచించానని రాస్తే అబద్ధం. నిమిషం కూడా ఆలోచించలేదు. చెయ్యలేదు అని ఆమెతో అనిపిస్తే, మరి ఎవరు చేశారు అని అడుగుతారు. దానికి ఇంకో కథ అల్లాలి. చేశాను అనిపిస్తే అక్కడికి తెగిపోతుంది. ఒప్పుకోలు సులువు. అంతే నా లెక్క.

మర్నాడు ఆ ఘట్టంలో బాకా నోటికి పెట్టుకుని, గొంతు సన్నం చేసి, ఆమెలా డోర్లీలో మాట్లాడాను. "నిప్పు నేనే పెట్టాను. కోపంలో పెట్టాను. తప్పయింది. మీ కాళ్ళు మొక్కుతాను, నన్నూ నా బిడ్డనూ విడదీయకండి." ఆమె నడిచి వెళ్ళే అడుగుల చప్పుడు వినిపించగానే, "పెద్దలు మన్నించారు, బిడ్డను తెచ్చుకోవడానికి ఇంటికి పోతోంది," అని ముగించాను. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మగవాళ్ళు ఈలలు వేశారు. ఆ సినిమా మా వైపు ఆడినట్టు ఎక్కడా ఆడలేదు.

ఆపరేటర్ ఒక్కడే మొహం మాడ్చుకున్నాడు. రీలు చుట్టుకుంటూ, "అయ్యా, ఆమె మూతి కదలదు. నువ్వు మాట్లాడుతుంటవ్. చూసేటోనికి నాకు సిగ్గయితున్నది," అన్నాడు.

"ఆమెకు నటన రాదు. నిలబెడితే గుంజలాగ నిలబడ్డది. నేను మాట్లాడి నిలబెట్టిన," అన్నాను.

"నువ్వు ఆమె ముఖం ఎన్నడన్న చూసినవా?"

"నాకెందుకు?"

 అతను రీలు మూత బిగించుకున్నాడు. ఆ తర్వాతి ఏడాది వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. మళ్ళీ కలవలేదు. ఇప్పుడు కలిస్తే ఏం చెప్పాలో నాకు తెలుసు గానీ, బతికి ఉన్నాడో లేదో తెలియదు.

టీవీలు వచ్చి డేరా ముడిచాక నేను పొలం పనికి దిగాను. కానీ ఆ కథ చెప్పడం మానలేదు. పెళ్ళిళ్ళలో, అంగట్లో, టీ కొట్టు దగ్గర. నటన రాని హీరోయిన్ సినిమాను నా గొంతుతో ఎలా ఆడించానో. జనం నవ్వేవాళ్ళు. నాకు అక్షరాలు నేర్పిన బడి మేడం కూడా చాలాసార్లు విన్నది. ఒకరోజు ఆమే వచ్చింది.

"తాతా, నీ సినిమా దొరికింది. కొత్తగా కడిగి శుభ్రం చేసి పెట్టారు. పట్నాల్లో పెద్ద చదువులవాళ్ళు దాని మీద ఇప్పుడు రెండు జట్లయి కొట్లాడుతున్నారు తెలుసా?"

"ఎందుకు కొట్లాట? ఆమే పెట్టింది గద నిప్పు."

మేడం నా ముఖం వంక వింతగా చూసింది. "నువ్వు ఒకసారి చూడు తాతా," అంది. 

శుక్రవారం అయితే అంగడికి వచ్చే పాతవాళ్ళు కూడా చూడొచ్చని బడి చివరి గదిలో ఏర్పాటు చేసింది. పిల్లలు మిగతా గదుల్లో పాఠాలు వల్లిస్తున్నారు. మేము ఏడెనిమిదిమందిమి పట్టాల మీద కూర్చున్నాం. మాజీ సర్పంచ్ కుర్చీ వేయించుకున్నాడు. డేరా రోజుల్లో నా మీద మట్టిపెళ్ళ వేసినవాడు తనేనని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాడు. వెనక గోడకు ఆనుకుని ఒక డోర్లీ ఆమె. మరైగూడ వైపు తమ్ముడింట్లో ఉంటుంది. ప్రతి శుక్రవారం చింతపండు అమ్ముకోవడానికి మా అంగడికి వస్తుంది. ఆమెను ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నా వైపు చూసేది, తల తిప్పుకునేది. చెవుడేమో అనుకున్నాను.

తెరకు ఎదురుగా కూర్చుని సినిమా చూడటం నాకు అదే మొదటిసారి. కింద హిందీ అక్షరాలు పడుతున్నాయి. నేను నేర్చుకున్న అక్షరాలు. కూడబలుక్కుని చదువుతుంటే, చెవికి అందిన తెలుగూ కంటికి అందిన హిందీ కలుస్తుంటే, పిల్లవాడిలా సంబరపడ్డాను. పన్నెండుకు ఏడు నిమిషాలు తక్కువప్పుడు ఆ ఘట్టం వచ్చింది.

పెద్దలు అడిగారు. ఆమె ముఖం తెర నిండా వచ్చింది. కింద అక్షరాలు ఆగిపోయాయి.

"మేడం, మీ మిషన్ ఖరాబ్ అయింది. గొంతు రావట్లే," అన్నాడు సర్పంచ్.

"మిషన్ బాగానే ఉంది బాబాయ్. ఆమె మాట్లాడదు."

"ఏంది మాట్లాడదు? నేను నా చెవులతోని విన్న. నేనే పెట్టిన అంటది. పెట్టించు మళ్ళ."

నేను అప్పటికి వాళ్ళ మాటలు వినట్లేదు. ఆమెను చూస్తున్నాను. గుంజలాగ నిలబడిందని నలభై ఏళ్ళు చెప్పాను. ఆమె కళ్ళు ఒక్కొక్క మనిషి దగ్గర ఆగుతున్నాయి. అత్త దగ్గర ఆగాయి. ఆడబిడ్డ దగ్గర ఆగాయి. మొగుడి దగ్గరికి వచ్చేసరికి రెప్ప వెయ్యలేదు. అతను నేల చూపులు చూశాడు. అప్పుడు ఆమె పెదవి ఒక మూల కొంచెం లేచింది. నవ్వు రాబోయింది. తనే దాన్ని మింగేసింది. గొంతు దగ్గర నరం కదిలింది. చేతిలో కొంగు ముడి ఉంది, దాన్ని విప్పలేదు, బిగించలేదు, పట్టుకుంది అంతే. కన్నీళ్ళు వస్తాయనుకున్నాను. రాలేదు. నిప్పు పెట్టిందేమో అనిపించింది, పెట్టలేదేమో అనిపించింది, ఆ తర్వాత ఆ ప్రశ్న అడిగినవాళ్ళ మీదే అసహ్యం వేసింది. ఒక్క మాట లేకుండా ఇంత చేయొచ్చని నాకు తెలియదు.  ఆ ముఖానికి అడ్డంగా నిలబడి, సన్నగొంతు పెట్టుకుని, కాళ్ళు మొక్కుతానని వాగినవాణ్ణి నేను.

గడియారంలో నాలుగు నిమిషాలు గడిచాయి. ఆమె నడిచి వెళ్ళిపోయింది. బిడ్డ కోసం ఇంటికి కాదు. అసలు ఆ సినిమాలో బిడ్డే లేదు. చంటిపిల్ల ఏడుపు ఒకటి మొదట్లో వినిపించేది, నేను ఆమె బిడ్డే అనుకున్నాను. అది పక్కింటి పిల్ల.

మేడం లైటు వేసింది. వెనక గోడ దగ్గర నుంచి చింతపండు ఆమె లేచింది. చెవుడు కాదు.

"ఆమె ఏమనలేదా?" అని అడిగింది. తెలుగులోనే, నెమ్మదిగా.

మేడం అనలేదన్నట్టు తలూపింది.

"బాకాయనా, నిన్నే అడుగుతున్న. ఆమె ఏమనలేదా?"

"అనలేదమ్మా."

"మరి నేను పెట్టిన, తప్పయింది, కాళ్ళు మొక్కుత అని ఎవలన్నరు?"

"నేనే అన్న."

ఆమె గోడ వదిలి నా ముందుకు వచ్చింది. తర్వాత చెప్పింది. ఆమె మాటలు నేను కుదించి రాస్తున్నాను. ఆ ఇప్పపూల కాలంలో ఆమె డేరాలో ముందు వరసలో కూర్చుంది. ఇప్పచెట్ల కింద ఎండాకులు కాల్చి నేల శుభ్రం చేసుకుంటేనే పూలు ఏరగలం, ఇది మా వైపు అందరికీ తెలిసిందే. ఆ ఏడాది వాళ్ళ చెట్టు కింద పెట్టిన నిప్పు గాలికి పాకి బావ పశువుల కొట్టం తగలబెట్టింది. జత ఎద్దులు పోయాయి. ఆమే పెట్టిందన్నారు. ఆ పొద్దున ఆమె ఏటి దగ్గర ఉంది. పంచాయితీ రేపనగా సినిమా చూసింది.

"ఆమె ఒప్పుకున్నది, పెద్దలు మన్నించిన్రు, బిడ్డ దక్కింది అని నువ్వు చెప్పినవ్. నేను మస్తు ఏడ్చిన. తెల్లారి పంచాయితీల అదే మాట అన్న. నువ్వు చెప్పిన మాటే, ఒక్కటి పొల్లు పోకుంట. నన్ను తోలేసిన్రు. రెండేండ్ల పిల్లను ఉంచుకున్నరు."

 సర్పంచ్ కుర్చీలోంచి దిగి పట్టా మీద కూర్చున్నాడు, ఎందుకో నాకు తెలియదు.

ఆమె వేలితో తలుపు వైపు చూపించింది. బడిలో అన్నం వండే ఆమె గడప దగ్గర నిలబడి ఉంది. సగం సినిమా నుంచీ అక్కడే ఉందట. నలభై దాటిన మనిషి. ఆ రెండేళ్ళ పిల్ల ఈమే. ఊరందరికీ తెలుసు. కొట్టం తగలబెట్టిన తల్లి అని నాయనమ్మ చెప్పగా పెరిగింది. శుక్రవారం అంగట్లో ఆ చింతపండు కుప్ప ముందు నుంచి ముఖం తిప్పుకుని వెళ్ళేది.

"దానికి చెప్పు," అంది ముసలామె. "నాకేం వద్దు. ఆ మాట నీదని దానికి చెప్పు. ఇన్నేండ్లు నేను చెప్తే నమ్మలే. సినిమాల ఉన్నదే అన్న అని చెప్పిన, పిచ్చిదన్నరు."

నేను లేచి నిలబడ్డాను.  పన్నెండేళ్ళు వందలమంది ముందు మాట్లాడినవాణ్ణి, ఒక్క మనిషి ముందుకు నడిచాను. చెప్పాను.

"బిడ్డా, మీ అమ్మ పంచాయితీల అన్న మాట ఆమెది కాదు. సినిమాల ఉన్న ఆమెది కూడ కాదు. నాది. నాకు కథ తెగాలె అని కల్పించిన. ఆమె ముఖం కూడ చూడకుంట కల్పించిన."

ఆ పిల్ల, పిల్ల అనే రాస్తున్నాను, నన్ను చూడలేదు. తల్లినే చూసింది.

"అయితే నిప్పు ఎవలు పెట్టిన్రు?"

 గది అంతా ముసలామె వైపే చూస్తోంది. ఆ ఇంట్లో ఇప్పపూలకు వెళ్ళేది ఇద్దరే, మొగుడూ పెళ్ళామూ. పెళ్ళాం ఏటి దగ్గర ఉంటే చెట్టు కింద ఎవరున్నారో అక్కడున్న అందరికీ తెలిసిపోయింది. ఆ మనిషి పోయి పదేళ్ళు. ఈ పిల్లను భుజాల మీద మోసి పెంచాడు. నాయన పేరెత్తితే ఈమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, అది కూడా ఊరందరికీ తెలుసు.

నా నాలుక చివర మాట వచ్చి నిలబడింది. చెప్పేస్తే తెగిపోతుంది. అలవాటైన పని.

ముసలామె కూతుర్నే చూస్తూ నిలబడింది. అవును అనలేదు, కాదు అనలేదు. నేను నోరు మూసుకున్నాను. ఈసారి ఎదురుగా ఉండి, ముఖం చూస్తూ మూసుకున్నాను. ఎంతసేపో తెలియదు, గడియారం చూడలేదు. పక్క గదిలో పిల్లలు ఎక్కం అప్పజెబుతున్నారు.

కూతురి చెయ్యి తలుపు చట్రం మీది నుంచి మెల్లగా జారింది. ఆమెకు అర్థమైందని నేను అనుకుంటున్నాను. లోపలికి వచ్చింది. డోర్లీలో తల్లితో రెండు మాటలు అంది. ఆ భాష నాకు బాగా వచ్చు. అయినా ఆ రెండు మాటలు తెలుగులోకి మార్చి రాయను. నేను మార్చింది చాలు. ముసలామె కూతురి మోచేయి పట్టుకుంది. ఇద్దరూ వంటగది వైపు నడిచారు. అంగట్లో చింతపండు కుప్ప దగ్గర ఎవరూ లేరని ఆమెకు గుర్తు లేదు.

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళు వీళ్ళు. రేపు ఎవరైనా ఇది కాదంటే అడగడానికి వీలుగా రాస్తున్నాను. బడి మేడం. మాజీ సర్పంచ్. అతని పెద్దన్న, చూపు సరిగా ఆనదు, సినిమా అంతా విని అంచనా కట్టాడు. ఉసూర్ నుంచి కూతురింటికి వచ్చిన పోస్టాఫీసు ముసలాయన. డేరా రోజుల్లో ఆడవాళ్ళ వైపు టికెట్లు చింపిన మా మేనత్త కూతురు. నా భార్య, ఆమె ఇంటికి వచ్చాక రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తెలుగు అక్షరాలు నేర్పిన మా కోడలు. తెర మీద ఆమె. చింతపండు అమ్మే డోర్లీ ఆమె. ఆమె కూతురు. నేను.